నిండుకున్న ట్రంకుపెట్టె

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నేను క్లబ్బు మెట్లెక్కేసరికి ముద్దాయిని కూర్చోబెట్టేశారు, తీర్పు రాసేశారు, సాయంత్రం నాలుగింటికి సర్వసభ్య సమావేశంలో చదవడానికి దానికి మూడు కాపీలు కూడా తీసేశారు. విచారణ ఒక్కటే మిగిలింది. దానికి నన్ను పిలిచారు.

పిలిచింది ప్రెసిడెంటు వదిన. "వదినా, సామాన్ల గదిలో దొంగతనం జరిగింది. పిన్నిగారే తీశారని డీఎస్పీ గారు అంటున్నారు. నాకు ముద్ద గొంతు దిగడం లేదు, నువ్వు తొందరగా రా" అంది ఫోనులో. ముద్ద దిగని మనిషి నమిలే చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అయినా వచ్చాను, పిన్నిగారి కోసం.

నేను ఇరవైరెండేళ్ళు బీమా కంపెనీలో క్లెయిముల తనిఖీ చేశాను. కాలిన గోడౌను చూపిస్తే, అంటుకుందా అంటించారా అన్నది బూడిద చూసి చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగంతో పాటు ఈ దేశం వచ్చి పడ్డాక బూడిదా లేదు, క్లెయిమూ లేదు. ఇక్కడి మన ఆడవాళ్ళ క్లబ్బులో ఒకావిడ పోగొట్టుకున్న వినికిడి మిషన్‌ను ఆవిడ రెండో చెవిలోనే కనిపెట్టి ఇచ్చిన రోజు నుంచి నన్ను డిటెక్టివ్ వదిన అంటున్నారు. వెక్కిరింపే, కానీ పనికొచ్చే వెక్కిరింపు.

మా క్లబ్బు చేసే మంచిపని ఒకటుంది. ఊరుకాని ఊరు కొత్తగా వచ్చి దిగిన కుటుంబానికి మొదటి వారం గడవడానికి ఒక పెట్టె ఇస్తాం. బియ్యం, పప్పు, పంచదార, ఉప్పు, రెండు దుప్పట్లు. దాని పేరు కొత్తకాపురం పెట్టె. ఆ సరుకులుండే గది తాళంచెవి పదకొండేళ్ళుగా ఒకే మనిషి దగ్గరుంది. ఆవిడే సామాన్ల పిన్నిగారు. అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కొంచెం చెముడు, బోలెడు పౌరుషం.

ఆవిడ కమిటీ గదిలో గోడవారగా కుర్చీలో, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బల్లకు అవతల డీఎస్పీ గారు. ఆయన మా సెక్రటరీ పిల్లకు మేనమామ, రిటైరై ఎనిమిదేళ్ళయింది, చుట్టపుచూపుగా వచ్చాడు. ఆడవాళ్ళ క్లబ్బులో ఈ పెద్దమనిషికేం పని అని నేను అడగబోతుంటే, "ముప్ఫై రెండేళ్ళ సర్వీసు" అని ఆయనే జవాబు చెప్పేశాడు.

"కేసు ఏమిటండీ?" అన్నాను.

సెక్రటరీ పిల్ల రిపోర్టు ఇచ్చింది. ఈ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. వారాంతపు బడిలో తెలుగు నేర్చుకుంది. ఒత్తులూ దీర్ఘాలూ మనకంటే బాగా రాస్తుంది. పని రాక్షసి. రిపోర్టు సారాంశం ఇది: శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆమె సామాన్ల గదికి వెళ్ళి నాలుగు డ్రమ్ములకూ ఒక ట్రంకుపెట్టెకూ ఉన్న చీటీలు ఫోటోలు తీసింది. అయిదూ ఫుల్. ఆ ధైర్యంతో సోమవారం దిగబోయే ఆరు కుటుంబాలకు పెట్టెలు ఖాయమని గ్రూపులో రాసేసింది. అయిదూ ఇరవైకి పిన్నిగారు తాళం వేసింది. శనివారం ఉదయం పదీ అయిదుకు మామయ్యతో కలిసి తీయించి చూస్తే అయిదూ ఖాళీ. తాళం పగలలేదు. తాళంచెవి ఒక్కటే.

"ఫుల్ అని రాసింది ఈవిడ. ఖాళీగా ఉన్నది గది. తాళంచెవి ఈవిడ దగ్గర. ఇంకేం కావాలి?" అన్నాడు డీఎస్పీ. "వాంగ్మూలం కూడా అయిపోయింది."

"చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ప్రశ్న: డబ్బాలు ఫుల్ అని రాసింది మీరేనా? జవాబు: పూలా? ఈ గదిలో పూలెక్కడివి బాబూ? ప్రశ్న: పూలు కాదమ్మా, ఫుల్. జవాబు: నేను రాసింది నేనే రాశాను, ఏం రాశానో అదే నిజం. అని ఎదురు తిరిగింది. నోటెడ్."

"మీరు తప్పుకోండి, నేను మాట్లాడతాను" అని నేను పిన్నిగారి పక్కన కుర్చీ లాక్కున్నాను. "భోంచేశారా పిన్నిగారూ?"

"ఇదొక ప్రశ్నా?" అన్నాడు డీఎస్పీ.

"ఆకలిమీదున్న సాక్షి చెయ్యనిది కూడా ఒప్పుకుంటుందండీ, తొందరగా ఇంటికి పోవచ్చని. మీ సర్వీసులో అలాంటివి తగల్లేదా?"

ఆయన మొహం చిట్లించాడు. పిన్నిగారు నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏం తినమంటావే. పొద్దున పదింటి నుంచి ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలోంచి నన్ను చూసి పోతున్నారు, జూలో జంతువుని చూసినట్టు. పదకొండేళ్ళు మొయ్యలేక మొయ్యలేక ఆ సంచులు మోశానే నేను."

"తెలుసు పిన్నిగారూ."

"ఈ దేశంలో ఇల్లు మా అబ్బాయి పేర ఉంది. కారు కోడలి పేర ఉంది. ఫోను మనవరాలి పేర ఉంది. నా పేర ఉన్నది ఈ తాళంచెవి ఒక్కటే. కావాలంటే అడిగితే ఇచ్చేసేదాన్నిగా? దొంగని చేసి లాక్కోవాలా?"

నేను తనిఖీ మనిషిని, కరగకూడదు. కాగితం మీద పెన్ను పెట్టి అడిగాను. "శుక్రవారం గది ఎన్నింటికి తీశారు?"

"పదకొండింటికి. పదకొండూ అయిదుకి వ్యాన్ వచ్చింది, అట్టపెట్టెలు దింపడానికి."

"మీరు గది వదిలి ఎక్కడికైనా వెళ్ళారా?"

"పదకొండూ పదికి మందులేసుకోవడానికి కిందికెళ్ళాను. మంచినీళ్ళు అక్కడే కదా. ఆ మెట్లు దిగి ఎక్కి వచ్చేసరికి పదకొండూ ఇరవై అయిదు."

"గదికి తాళం?"

"వెయ్యలేదు. వ్యాన్ పిల్ల ఉంది కదా. మీ కోడలే కదా, నాకేం భయం?"

మా కోడలూ ఇక్కడే పుట్టిన పిల్లే. ప్రతి శుక్రవారం క్లబ్బు వ్యాన్ నడుపుతుంది, పిన్నిగారికి చేతికింద ఉంటుంది. బంగారం లాంటి పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. కాగితం మీద దాని పేరు రాసి, రాసిన చేత్తోనే గీత కొట్టేశాను. బంధుప్రీతి కాదు. మనిషిని చూసి చెప్పగలను కదా, ఇరవైరెండేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది?

"గది చూడాలి" అన్నాను లేస్తూ.

"మేం చూశాం. రిపోర్టులో ఉంది" అన్నాడు డీఎస్పీ.

"కాలిన గోడౌను గురించి కూడా మాకు రిపోర్టు వచ్చేదండీ. వెళ్ళి చూస్తే ఒక్కోసారి గోడౌనే ఉండేది కాదు."

ఆయన రిపోర్టును మరింత దగ్గరకు లాక్కున్నాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

గది పదడుగులకు ఎనిమిది. ఒకటే తలుపు. కిటికీకి ఊచలు, ఊచలకు బూజు, అది చెక్కుచెదరలేదు. గుమ్మం దగ్గర పిన్నిగారి స్టూలు. ఎడమ గోడకు నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక్కోదాని మీద అది దేనిదో రంగుతో రాసి ఉంది. ఆ చివర ఇనప ట్రంకుపెట్టె. మూడు వారాల కిందట సెక్రటరీ పిల్ల కొత్త నియమం పెట్టింది, ప్రతిదాని మీదా లోపల సంగతి తెలిపే చీటీ ఉండాలని. ఇవే ఆ చీటీలు.

బియ్యం డ్రమ్ము దగ్గర వంగి చీటీ చదివాను. పిన్నిగారి దస్తూరీ, నీలం సిరా. మొదట 'నిడు' అని తొందరపడి, దాన్ని రెండు గీతలతో కొట్టేసి, పక్కన సరిగ్గా రాసింది.

నిండుకుంది.

పప్పు డ్రమ్ము. నిండుకుంది. పంచదార. నిండుకుంది. ఉప్పు. నిండుకుంది.

నేను స్టూలు మీద కూలబడి నవ్వాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వుకి డీఎస్పీ, సెక్రటరీ పిల్ల, ప్రెసిడెంటు వదిన పరిగెత్తుకొచ్చారు, పిన్నిగారు మాత్రం తన మోకాళ్ళ ప్రకారం వచ్చింది.

"సాక్ష్యం దగ్గర ఇదేం నవ్వు?" అన్నాడు డీఎస్పీ.

"ఈ చీటీ చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నిండు... కుంది." ఇంకోసారి చదివాడు, ఈసారి శబ్దం లేకుండా.

"మీ ఇంట్లో ఎప్పుడైనా బియ్యం నిండుకున్నాయా డీఎస్పీ గారూ?"

"ఎందుకు నిండుకోవూ? నెలాఖరు వచ్చిందంటే మా ఆవిడ బియ్యం నిండుకున్నాయి, ఉప్పు నిండుకుందని..." అక్కడ ఆగిపోయాడు. మొహం చెమర్చింది. మేనకోడలి వైపు తిరిగాడు. "అమ్మడూ, రిపోర్టులో ఫుల్ అని కదా రాశావు? ఈ మాట లేదే?"

"అదే కదా మామయ్యా! నిండు అంటే ఫుల్. నిండుకుండ, నిండుసభ. బడిలో నాకు పదికి పది వచ్చాయి."

ప్రెసిడెంటు వదిన గోడకి ఆనుకుని "అయ్యో రామా" అంది. ఆవిడ పొద్దున్నే వచ్చి చీటీలు చూసి ఉంటే ఈ గొడవే లేదు. కానీ ఆవిడకు ముద్ద దిగడం లేదు కదా పాపం.

నేనే సెక్రటరీ పిల్లకు చెప్పాను. "ఇంట్లో బియ్యం లేవు అనకూడదమ్మా మనవాళ్ళు. లేవు లేవు అంటే నిజంగానే లేకుండా పోతాయని ఒక జంకు. అందుకని అయిపోతే నిండుకున్నాయంటారు. ఉప్పైనా అంతే, పప్పైనా అంతే."

ఆ పిల్ల డ్రమ్మునీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఖాళీ అయితే నిండుకుంది అంటే, మరి నిండా ఉంటే ఏమంటారు ఆంటీ?"

"ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనరమ్మా. వండుకుంటారు."

"వెళ్ళిపోతూ వస్తాను అంటారు. దీపం ఆరితే కొండెక్కింది అంటారు. ఇప్పుడిది." ఆ పిల్లకు నిజంగానే కోపం వచ్చింది. "ఈ భాషలో ఉన్నది ఉన్నట్టు చెప్పే మాట ఒక్కటైనా ఉందా?"

"ఉన్నాయి. అవి కోపంలో వస్తాయి. మూత ఎత్తి చూశావా నువ్వు?"

"చీటీ ఉండగా మూతెందుకు?" అంది. అని, తలదించుకుంది. కాస్త ఆగి పిన్నిగారి దగ్గరకు వెళ్ళి, "సారీ మామ్మగారూ. నాకు రాలేదు ఆ మాట" అంది. పిన్నిగారు దాని బుగ్గ మీద చెయ్యి వేసింది, అయితే ఇంకా పూర్తిగా కరగలేదు. నేనైనా కరగను.

కేసు అయిపోయిందని నేను పెన్ను మూత పెట్టేశాను. అప్పుడు పిన్నిగారు ట్రంకుపెట్టె వైపు చూపు సారించి, "ఆ చీటీ ఎవరిదే?" అంది.

"మీదే కదండీ. నిండుకుంది."

"నాది కాదు. దుప్పట్లకు నిండుకున్నాయంటారుటే ఎవరైనా? వండుకు తింటామా దుప్పట్లు? దాని మీద ముప్ఫై ఆరు ఉన్నాయని రాసి అంటించాను నేను."

డీఎస్పీ ఎండలో పెట్టిన వడియంలా ఉన్నవాడు కాస్తా నూనెలో వేసినట్టు పొంగాడు. "చూశారా? అయితే ముప్ఫై ఆరు దుప్పట్లు నిజంగానే పోయాయి! తాళం ఈవిడది. చీటీ నాది కాదంటోంది. దొంగ ఎవరైనా నాది కాదనే అంటాడు. రిపోర్టులో నాలుగు కొట్టెయ్యి అమ్మడూ, ఒకటి ఉంచు. శిక్ష అదే, తాళంచెవి తీసుకోవడమే."

"ముప్ఫై ఆరు దుప్పట్లను ఈ మోకాళ్ళతో ఆవిడ రెండంతస్తులు దింపిందంటారా?"

"వాళ్ళబ్బాయికి కారు లేదా? కూడా ఎవరో ఉండే ఉంటారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో..."

"ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో పూలకూ ఫుల్‌కూ తేడా వినిపించలేదు మీకు. ఆగండి." నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు నేను మాట జారతాను, అది నా జబ్బు. "వినండి అందరూ. నాలుగు కొట్టేలోపు ఈ దుప్పట్ల దొంగను పట్టి, నిండుసభలో నిలబెట్టి, ఈ పిన్నిగారికి చేతులు జోడించేలా చెయ్యకపోతే నన్ను డిటెక్టివ్ అనకండి. అది నా కన్నకొడుకైనా సరే, కట్టుకున్నవాడైనా సరే!"

"నోటెడ్" అన్నాడు డీఎస్పీ. సెక్రటరీ పిల్ల నిజంగానే టైపు చేసింది.

టైము రెండూ యాభై. ట్రంకుపెట్టె మూత ఎత్తాను. లోపల కలరా ఉండలు ఆరు, ముక్కిన వాసన, ఒక నీలం నూలుపోగు. ఈ దుప్పట్లు ఒక హోటలువాళ్ళు ఇచ్చినవి. ముక్కిన వాసన కొడుతున్నాయి, వీటిని ఎవరు ఏం చెయ్యాలన్నది మూడు కమిటీ మీటింగుల్లో తేలలేదు. గీతలూ పెనుగులాటా ఏం లేవు. తీసినవాళ్ళు తాపీగా తీశారు, కలరా ఉండల్ని ఏరి ఒక మూల పెట్టారు కూడా. ఇంత శుభ్రమైన దొంగ నాకెప్పుడూ తగల్లేదు.

"వాహనం ఉండి తీరాలి" అంటున్నాడు డీఎస్పీ, వెనకనుంచి. "శుక్రవారం క్లబ్బు గుమ్మం ముందుకు వచ్చిన వాహనం ఏది?"

"క్లబ్బు వ్యాన్. అది నడిపింది మా కోడలు."

"అయితే?"

"అయితే వాహనం రానట్టే లెక్క."

నేను చీటీని గోరుతో మెల్లిగా ఊడదీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. నల్ల సిరా. అక్షరాలు పిన్నిగారివిలాగే ఉన్నాయి, కానీ వణుకు. తలకట్లు పైనుంచి కాకుండా కిందనుంచి వచ్చాయి. ఇది రాసింది కాదు, గీసింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి కనిపించింది. 'నిండుకుంది'కి ముందు 'నిడు' అని ఉంది. దాని మీద రెండు గీతలు.

"బియ్యం డ్రమ్ము మీదున్నదాన్ని చూసి దించారు" అన్నాను. "కొట్టేసిన ముక్కను కూడా దించారు. కొట్టివేత అని తెలియక, అదీ ఆ మాటలో భాగమే అనుకుని."

డీఎస్పీ కూడా వంగి చూశాడు. పాపం, మనిషి మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. "అంటే చదవడం రానివాళ్ళు" అన్నాడు నెమ్మదిగా.

"చదవడం రాదు. కానీ ఆ మాట ఎప్పుడు అంటిస్తారో తెలుసు. డబ్బా ఖాళీ అయితే ఇది అంటించాలి, అంతవరకు తెలుసు. చూసి నేర్చుకున్న మనిషి. మోసం చెయ్యడానికి కాదు, ఖాళీ అయిందని నలుగురికీ తెలియాలని పద్ధతిగా అంటించింది. ఇది దొంగ చీటీ కాదండీ, నిజాయితీ చీటీ."

"నిజాయితీ గల దొంగా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. పిన్నిగారూ, మీరు ఈ చీటీలు అంటిస్తుంటే పక్కన నిలబడి చూసేవాళ్ళెవరు?"

"నా పక్కన ఎవరుంటారే? శుక్రవారం శుక్రవారం ఆ..." పిన్నిగారు నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. నా మొహం కేసి ఒక క్షణం చూసింది. "ఎవరూ లేరులే" అంది. అని, గుప్పిట్లోని తాళంచెవి తీసి డ్రమ్ము మీద పెట్టింది. "పోనీలే అమ్మాయ్. ఎందుకీ రభస? నాకూ ఓపిక తగ్గింది. తాళంచెవి తీసుకోమను వాళ్ళని. నువ్వు ఇంటికెళ్ళు."

పొద్దున్నుంచి పులిలా ఉన్న మనిషి అలా అనేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. భయపడిందనుకున్నాను. ఆవిడ నన్ను కాపాడుతోందని నాకెలా తెలుస్తుంది? "మీరు ఊరుకోండి పిన్నిగారూ, నేనున్నానుగా" అని ధైర్యం చెప్పాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడున్నరకు నా ఫోను మోగింది. చేతులకు చీటీ జిగురు. సెక్రటరీ పిల్ల నొక్కి, స్పీకరు పెట్టి డ్రమ్ము మీద ఉంచింది. మా కోడలు.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి నాలుగింటికి రాలేనండీ. వ్యాన్‌లో పెట్రోలు నిండుకుంది."

డీఎస్పీ మెల్లగా కళ్ళజోడు తీశాడు. ప్రెసిడెంటు వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సెక్రటరీ పిల్లే, ఇవాళే నేర్చుకున్న పాఠం కదా, తాజాగా అడిగింది. "ఆంటీ, పెట్రోలు కూడా వండుకుంటారా?"

"అమ్మా, ఎక్కడున్నావ్?" అన్నాను.

"లాండ్రీ దగ్గరండీ. నిన్నా ఇక్కడే, ఇవాళా ఇక్కడే. ఒక్కో మిషన్లో రెండు దుప్పట్లే పడుతున్నాయి. ఇరవై ఎనిమిది ఆరాయి. ఇంకా ఎనిమిది తడిగా ఉన్నాయి. మీకు చెప్పకుండా అన్నీ అయ్యాక చూపిద్దామనుకున్నాను."

"ఎవరు... ఎవరు చెప్పారమ్మా నీకు వాటిని అక్కడికి తీసుకెళ్ళమని?"

"మీరే కదా అత్తయ్యగారూ! గురువారం నేనడిగాను కదా, ట్రంకులో దుప్పట్లు వాసనొస్తున్నాయి, కమిటీ ఏమీ తేల్చడం లేదు, ఏం చెయ్యనూ అని? మీరు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, 'ఆ దుప్పట్లకు నీళ్ళొదిలెయ్యమ్మా' అన్నారు. అందుకే నీళ్ళొదిలాను. రెండేసి సార్లు వదిలాను. సబ్బు కూడా వేశాను."

ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. ప్రెసిడెంటు వదిన అనుకుంటాను. సెక్రటరీ పిల్లకు అర్థం కాక డీఎస్పీ చెవిలో గుసగుసగా చెప్పాడు, నీళ్ళొదిలెయ్యడమంటే ఇక ఆశ వదులుకోమని. ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి, "నేను చెప్పానా?" అంది.

ఫోను ఇంకా అయిపోలేదు. "అత్తయ్యగారూ, ఇంకోటండీ. ఇందాక మీరు బయల్దేరుతూ, ఆ డీఎస్పీ గారికి బాగా గడ్డి పెట్టాలి అన్నారు కదా. ఇక్కడ లాండ్రీ పక్కనే పార్కు ఉంది. ఎంత కొయ్యమంటారు?"

నేను ఫోను మీద పడి కట్టేశాను. డీఎస్పీ వైపు చూసే ధైర్యం లేక పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ డ్రమ్ము పట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ వచ్చాయి.

"మీకు ముందే తెలిసిపోయింది" అన్నాను.

"శుక్రవారం శుక్రవారం నా పక్కన నిలబడి 'ఇదేం మాట మామ్మగారూ' అని అడుగుతుంది. ఖాళీ అయితే అంటించాలమ్మా అని చెప్పింది నేనే. పసిపిల్ల. దాన్ని సభలో నిలబెడతావుటే? పోనిద్దూ."

హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు మొదలైంది. మూడూ నలభై రెండు. నేనన్న మాట టైపు చేసి ఉంది, తేదీతో సహా. కన్నకొడుకైనా సరే అన్నాను. కట్టుకున్నవాడైనా సరే అన్నాను. బీమా కాగితాల్లో సందులు వెతికి బతికినదాన్ని, ఈ మాటలో సందు వెతికాను. కోడలు అనలేదు కదా అనిపించింది, నిజం చెప్పొద్దూ. ఆ తర్వాత ఆ ఆలోచనకే నా మీద నాకు అసహ్యం వేసింది. పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పింది నేను.

"ఆ పిల్లని నిలబెట్టనండీ" అన్నాను.

"మరి? రిపోర్టు ఏమని చదవాలి?" అన్నాడు డీఎస్పీ. గడ్డి మాట ఎత్తలేదు, పెద్దమనిషి తరహానే.

"మీరేం చదవక్కర్లేదు. నాకు రెండు నిమిషాలు మైకు ఇవ్వండి."

పిన్నిగారు నా మోచెయ్యి పట్టుకుంది. "పరువు పోతుందే నీకు. డిటెక్టివ్ వదిన అని ఇంకెవరూ పిలవరు."

"పొద్దున్నుంచి మిమ్మల్ని దొంగ అన్నది నలభై మంది విన్నారు. కాదన్నది కూడా ఆ నలభై మందీ వినాలి. గుమ్మంలోంచి చూసి పోయినవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి."

డ్రమ్ము మీది తాళంచెవి తీసి ఆవిడ గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాను. ఆవిడ మోకాళ్ళ ప్రకారమే నెమ్మదిగా నడిచి ఇద్దరం హాల్లోకి వెళ్ళాం. నేను వేదిక ఎక్కగానే గుసగుసలు ఆగాయి. ముందు వరసలో ఒకావిడ వెనకావిడతో, "దొరికినట్టుంది" అనడం వినిపించింది.

"దొంగ దొరికింది" అన్నాను మైకులో. "పేరు చెప్పేముందు చేతులు జోడించనివ్వండి" అని పిన్నిగారి వైపు తిరిగాను.